ఒక్క గుంటూరు తూర్పుతో సరిపెట్టుకుందామా?



మొన్న మీలాదున్నబీ రోజు మా ఇంట్లో దావత్. భోజనాలయ్యాక మగవాళ్లం వరండాలో కూర్చున్నాం. మా అన్న కూతురు గుంటూరులో లా చదువుతోంది, వచ్చే ఏటికి పాతికేళ్లు నిండుతాయి. చాయ్ గ్లాసులు అందిస్తూ, "చాచా, ఎమ్మెల్యేకి నిలబడాలంటే ఏమేం ఉండాలి?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా మామూ అందుకున్నాడు. "ముందు గుంటూరు తూర్పులో పుట్టాలి బేటీ. తర్వాత సంగతి తర్వాత."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మామూ జోక్ చెయ్యలేదు, ఉన్న మాటే చెప్పాడు. పాతికేళ్ల పిల్లకి ఇంటి పెద్దలు ఇవ్వగలిగిన జవాబు అదొక్కటేనా అనిపించి సిగ్గేసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు కానూన్ ఏం చెబుతుందో చూద్దాం. అది చాలా సులువు. ఈ దేశ పౌరుడై ఉండాలి. 25 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఏదో ఒకటి అంటే నిజంగానే ఏదైనా. గుంటూరులో ఓటున్న మనిషి మాచర్లలో నిలబడవచ్చు, గిద్దలూరులో నిలబడవచ్చు. చదువు ఇంత ఉండాలని లేదు, ఆస్తి ఇంత ఉండాలని లేదు. ప్రభుత్వంలో జీతం వచ్చే పదవిలో ఉండకూడదు, దివాలా తీసి ఉండకూడదు, రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడి ఉండకూడదు. డిపాజిట్ 10,000 రూపాయలు. గుర్తింపు ఉన్న పార్టీ మనిషికైతే ఆ నియోజకవర్గం ఓటరు ఒక్కడు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు. అంతే. ఈ లెక్కన మా పిల్ల వచ్చే ఏడు అర్హురాలే. మన మొహల్లాలో పాతికేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ అర్హులే.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఇదే రాష్ట్రంలో ఎమ్మెల్యే కావడానికి లేని అడ్డంకి వార్డు మెంబరు కావడానికి ఉండేది. మా మామూకి ఆ దెబ్బ తగిలింది.

మామూది చిలకలూరిపేట వైపు పల్లె. నాలుగెకరాలు కౌలు, సగం పత్తి, సగం మిర్చి. ఊళ్లో అందరికీ కావాల్సిన మనిషి. మిర్చి కల్లంలో ఉన్నప్పుడు వాన మబ్బు పట్టిందంటే తన కాయల మీద పట్టా కప్పి ఊరుకోడు, పక్క కల్లానికీ పరిగెత్తుతాడు, అది ఎవరిదైనా సరే. 2013 పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడమని వీధి వీధంతా అడిగింది. మనవాళ్లే కాదు, ఎదురు బజారు వాళ్లూ అడిగారు. నామినేషన్ వేశాడు. పరిశీలన రోజు అవతలి పక్షం రేషన్ కార్డు నకలు తెచ్చి పెట్టింది. ముగ్గురు పిల్లలు. మూడోవాడు 1998లో పుట్టాడు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీలో పోటీకి పనికిరారు, 1995 మే తర్వాత పుట్టిన మూడో బిడ్డకి మినహాయింపు లేదు. నామినేషన్ కొట్టేశారు. కానూన్ అదే అయినప్పుడు అధికారి మీద గుస్సా పడి లాభం లేదు. అదే రోజు అదే కారణంతో ఇంకో ఇద్దరివీ పోయాయి, వాళ్లు మన ఖౌమ్ వాళ్లు కాదు. కానీ బయటికొస్తుంటే ఎవరో, "సాయిబులకి పిల్లలెక్కువ గదా" అని నవ్వారట. మామూ ఆ మాట పన్నెండేళ్లు మోశాడు. కొడుకు ముందు మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

అసెంబ్లీకి మాత్రం ఈ నిబంధన ఎన్నడూ లేదు. పదిమంది పిల్లలున్నా ఎమ్మెల్యే కావచ్చు, మంత్రి కావచ్చు, అసెంబ్లీలో కూర్చుని వార్డు మెంబర్లకి ఇద్దరే ఉండాలని చట్టం చెయ్యవచ్చు. 2024 నవంబరులో జననాలు తగ్గిపోతున్నాయన్న ఫికర్‌తో ప్రభుత్వం ఆ నిబంధన ఎత్తేసింది. పంచాయతీలకీ, మునిసిపాలిటీలకీ కూడా. ముప్పై ఏళ్లు మంచి మనుషుల్ని గడప దగ్గరే ఆపిన నియమం ఒక్క పూటలో పోయింది. ఎవరూ మాఫీ అడగలేదు.

సరే, కాగితం మీద తలుపు తెరిచే ఉంది. మరి లోపలికి ఎంతమంది వెళ్లారు? నేను కూర్చుని లెక్కేశాను. మీరూ వేసి చూడండి.

ఇప్పుడున్న నియోజకవర్గాల హద్దులు 2008లో అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాలో 17, ఉమ్మడి ప్రకాశంలో 12, మొత్తం 29 సీట్లు. ఈ హద్దులతో 2009, 2014, 2019, 2024లలో నాలుగు సాధారణ ఎన్నికలు జరిగాయి. ఇరవై తొమ్మిది నాలుగ్గుళ్లు 116 గెలుపులు. అందులో మనవాళ్లవి 4. ఆ నాలుగూ గుంటూరు తూర్పు నుంచే. 2009లో మస్తాన్ వలీ, 2014లోనూ 2019లోనూ ముస్తఫా, 2024లో నసీర్ అహ్మద్. మూడు వేర్వేరు పార్టీలు, ముగ్గురు మనుషులు, ఒకటే సీటు. మిగతా 28 సీట్లలో నాలుగు ఎన్నికల్లో కలిపి సున్నా.

పిడుగురాళ్ల, వినుకొండ, నరసరావుపేట, మాచర్ల, చిలకలూరిపేట, కంభం, మార్కాపురం, కనిగిరి. ఏ ఊళ్లో మసీదు లేదు? ఏ ఊళ్లో మనవాళ్ల బజారు లేదు? ఈదుల్ ఫితర్ రోజు ఈద్గా దగ్గరికి అన్ని పార్టీల నాయకులూ తెల్ల బట్టలేసుకుని వస్తారు, భుజం భుజం కలిపి ఫొటో దిగుతారు. టికెట్ మాటెత్తితే, "మీకు తూర్పు ఇచ్చాం గదా" అంటారు. కనిగిరిలో కూర్చున్న వాడికి గుంటూరు తూర్పు ఎందుకండీ? ఒంగోలు వాడి డ్రైనేజీ గురించి గుంటూరు తూర్పు ఎమ్మెల్యే అడుగుతాడా?

రాష్ట్రం మొత్తం తీసుకున్నా ఇదే ఖిస్సా. 175 మందిలో 2019లో మనవాళ్లు నలుగురు, 2024లో ముగ్గురు. గుంటూరు తూర్పు, నంద్యాల, మదనపల్లె. జనాభాలో మనం ఏడు శాతం పైనే. ఆ లెక్కన పన్నెండు మంది ఉండాలి. శాతానికి సరిగ్గా సీట్లు రావాలని నేను అనను, ఎన్నిక అంటే కిరాణా తూకం కాదు. కానీ పన్నెండెక్కడ, మూడెక్కడ.

ఇప్పుడు నక్షా సంగతి. ఇది మనలో చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా సగమే తెలుసు.

2002 డీలిమిటేషన్ చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన కమిషన్ వేశారు. 2001 జనాభా లెక్కలు ముందు పెట్టుకుని హద్దులు గీశారు. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం సీట్లు 294 మారకూడదు, జిల్లాల మధ్య మాత్రం సర్దాలి. హైదరాబాద్, రంగారెడ్డి వైపు జనం పెరిగారు, సీట్లు అటు వెళ్లాయి. గుంటూరు 19 నుంచి 17కి దిగింది. కూచినపూడి, దుగ్గిరాల నియోజకవర్గాలు పేర్లతో సహా మాయమయ్యాయి. ప్రకాశం 13 నుంచి 12కి. మార్టూరు పోయింది, కంభం పోయింది, కొత్తగా యర్రగొండపాలెం వచ్చింది. కంభం చెరువు ఎంత పేరున్నదో మీకు తెలుసు, ఆ ఊరి పేరు మీద ఉన్న సీటు ఇప్పుడు గిద్దలూరులో కలిసిపోయింది. తమ ఊరి పేరు మీద ఎమ్మెల్యే ఉండటం, లేకపోవడం ఎంత తేడానో కంభం పెద్దవాళ్లని అడగండి.

హద్దులు గీసేటప్పుడు కమిషన్ ఏం చూడాలో చట్టంలోనే రాసి ఉంది. జనాభా వీలైనంత సమంగా ఉండాలి, ప్రాంతం ఒకేచోట కలిసి ఉండాలి, కొండలూ వాగులూ చూడాలి, పాలనా హద్దులు చూడాలి, రాకపోకలు, జనానికి వీలు చూడాలి. ఎస్సీ సీట్లు వాళ్ల జనాభా ఎక్కువ శాతం ఉన్న చోట్ల, రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల్లో ఉండేట్టు పెట్టాలి. బస్. మజ్‌హబ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. అంటే ముస్లింలని కలిపి ఒక సీటు చెయ్యమని అడిగే హక్ మనకి చట్టంలో లేదు. మనల్ని ముక్కలు చేశారని ఫిర్యాదు చేసే గది కూడా ఆ దర్ఖాస్తులో లేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

గుంటూరు తూర్పుని మనకోసమే గీశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నగరాన్ని రెండు సీట్లు చేశారు. మన పాత బస్తీలు ఎక్కువగా ఒక పక్క పడ్డాయి. ఆ పనిని ఆసరా చేసుకుని ముస్లిం టికెట్ అంతా ఒకే గదిలో సర్దేసింది మాత్రం పార్టీలు. మా నానా దూదేకుల పని చేసేవారు. పరుపు కుట్టేటప్పుడు ఏకిన దూదిని మూలమూలకీ చేత్తో పరిచేవారు. "ఒక్కచోట ముద్ద కడితే ఆ పరుపు మీద ఎవడికీ నిద్ర పట్టదు" అనేవారు. ఉమ్మడి రెండు జిల్లాల్లో మన రాజకీయం ఆ ముద్ద కట్టిన పరుపులా ఉంది. ఒకచోట మెత్తగా, ఎత్తుగా. మిగతా అంతా ఉత్త గుడ్డ.

దీని నుక్సాన్ మామూలుది కాదు. తూర్పులో ఎప్పుడూ మనవాడు మనవాడితోనే తలపడాలి. 2024లో నసీర్ అహ్మద్ మీద వైఎస్సార్‌సీపీ నుంచి నిలబడింది నూరీ ఫాతిమా. ముస్లిం ఆడపిల్ల ఒక పెద్ద పార్టీ గుర్తు మీద పోటీ చేసింది, మాషాఅల్లా, మంచిదే. కానీ అంత పెద్ద పార్టీకి ఆమెకి ఇవ్వడానికి ఇంకో సీటు లేదు, అవతలి పార్టీకి ఆయనకి ఇవ్వడానికి ఇంకో సీటు లేదు. ఇద్దరు నుమాయిందాలు కావాల్సిన చోట ఒకరే మిగిలారు. ఇంకో నుక్సాన్ దీనికన్నా లోతైనది. మిగతా 28 మంది ఎమ్మెల్యేలకి మన ఓటు కావాలి గానీ మన మాట అక్కర్లేదు. ఖబరస్తాన్ ప్రహరీ గోడకి నిధులు కావాలంటే, "తూర్పు ఎమ్మెల్యేతో చెప్పించండి" అనే మాట నా చెవులతో విన్నాను. ఎవరన్నారో చెప్పను. విన్న ఊరు గుంటూరుకి ఎనభై కిలోమీటర్లు.

ఇది మసీదు బయట చెబితే ఒక పెద్దాయన నా మీద మండిపడ్డారు. "ఉన్న ఒక్కటీ పోగొట్టే మాటలు మాట్లాడకు. తూర్పు కూడా చెదిరిపోతే సున్నా అయిపోతాం." ఆయన భయం ఉత్తది కాదు. అస్సాంలో 2023లో 126 సీట్లూ అలాగే ఉంచి గీతలు మార్చారు. ముస్లింలు ఎక్కువ ఉన్న సీట్లు తగ్గిపోయాయని అక్కడి ప్రతిపక్షాలు గోల పెట్టాయి. అంతకు ముందు 2006లో సచార్ కమిటీ కూడా ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్లలో ముస్లింలు బాగా ఉన్న కొన్ని సీట్లు ఎస్సీ రిజర్వు కింద పడ్డాయని రాసింది. కాబట్టి ఆ పెద్దాయనకి నా జవాబు ఇదే. తూర్పుని పోగొట్టుకోమని నేను అనలేదు. తూర్పుని చూపించి మిగతావి అడగొద్దంటే ఒప్పుకోవద్దంటున్నాను.

ఎస్సీ సీట్ల మాట వచ్చింది కాబట్టి సాఫ్‌గా చెప్పుకుందాం. మన 29లో తాడికొండ, వేమూరు, ప్రత్తిపాడు, సంతనూతలపాడు, కొండపి, యర్రగొండపాలెం, ఆరు ఎస్సీలవి. అవి వాళ్ల హక్. చుండూరు, కారంచేడు జరిగిన నేల ఇది. వాళ్లకి సీట్లు ఎందుకని అడిగే మొహం ఇక్కడ ఎవరికీ లేదు. మనలో కొందరు ఛాయ్ దుకాణాల దగ్గర మాట్లాడే మాటలు విని నేను తల దించుకున్నాను. నా ఫిర్యాదు వేరే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు తప్ప ఇంకొకరు ఎస్సీ కాడన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. తాతల నాడు అదే వెలివాడ నుంచి కలిమా చదివి వచ్చినవాడి మనవడు మాత్రం ఆ ఆరు సీట్లలో నామినేషన్ కూడా వెయ్యలేడు. అదే వాడ, అదే కూలి, అదే మిర్చి కోత. అక్కడ అడ్డం వచ్చేది మజ్‌హబ్ ఒక్కటే. ఇదే అర్హత నియమాల్లో మనకి నిజంగా గుచ్చుకునే ముల్లు. ఈ సంగతి చూడమని 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

మన నూర్‌బాషీల సంగతి ఇంకో రకం. బీసీ-బి కాబట్టి పంచాయతీల్లో బీసీ సీట్ల నుంచి గెలుస్తున్నారు, సర్పంచులయ్యారు. అసెంబ్లీలో బీసీ రిజర్వేషన్ లేదు. నిచ్చెన మూడో మెట్టు దగ్గర విరిగిపోతుంది. పై మెట్టుకి పార్టీ వాడు చెయ్యి ఇవ్వాలి, ఆ చెయ్యి ఎప్పుడూ రాదు.

"మనవాడిని బయటి జనం గెలిపించరు" అన్నది ఇంకో మాట. ఇది మనం పార్టీ వాళ్ల దగ్గర నేర్చుకున్న మాట. 1991లో గుంటూరు పార్లమెంటు సీటు నుంచి లాల్‌జాన్ బాషా గెలిచారు. ఎవరి మీద? ఎన్.జి. రంగా మీద. పార్లమెంటు సీటు అంటే ఏడు అసెంబ్లీలు, పల్లెలన్నీ రైతు పల్లెలు. ఆ పల్లెల్లో మనవాళ్లు ఎంతమంది? బాషాగారు తూర్పు బస్తీల ఓట్లతో ఢిల్లీ వెళ్లలేదు. పార్టీ నమ్మి టికెట్ ఇచ్చింది, జనం పార్టీని చూశారు, మనిషిని చూశారు, వేశారు. 1991లో సాధ్యమైంది ఇప్పుడు ఎందుకు కాదో ఏ పార్టీ జిల్లా ఆఫీసులోనైనా అడగండి. సర్వే అంటారు. ఆ సర్వేలో మనవాడి పేరు పెట్టి అడిగారా అంటే జవాబుండదు.

కొందరు యువకులు ఇంకో మాటంటున్నారు, మనకీ ప్రత్యేక సీట్లు కావాలని. భాయ్, అవి ఉండేవి. 1909 నుంచి ముస్లింలకి వేరే ఓటర్ల జాబితాలు, వేరే సీట్లు. 1937లో మన గుంటూరు ఉన్న మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లకి 28 ముస్లింలవి. ముస్లిం ఓటు ముస్లింకే, మిగతా అభ్యర్థులకి మన గడప తొక్కే అవసరమే లేదు. 1949 మేలో రాజ్యాంగ సభ సలహా సంఘం మతం మీద సీట్లు వద్దనుకుంది. బేగం ఐజాజ్ రసూల్ లాంటి ముస్లిం సభ్యులే వద్దని వాదించారు, వేరు సీట్లు మనల్ని ఎప్పటికీ వేరుగానే ఉంచుతాయని. ఆమె వాదన ఈనాటికీ నాకు సహీగానే అనిపిస్తుంది. విడ్డూరం ఏమిటంటే, చట్టంలో రద్దయిన ఆ వేరు సీటునే పార్టీలు చట్టం లేకుండా మళ్లీ తెచ్చాయి, ఈసారి 28 కాదు, ఒకటి. దానికి మనం షుక్రియా చెబుతున్నాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అంటే, నక్షా మళ్లీ గీయబోతున్నారు.

2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 నుంచి 225 చెయ్యాలని ఉంది. పదేళ్లు నాయకులు ఆ మాటతో కార్యకర్తలకి ఆశ పెట్టారు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు తేల్చేసింది, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా కుదరదని. ఆ లెక్కలు, అంటే మర్దుమ్‌షుమారీ, 2027 మార్చి 1 తేదీతో రాబోతున్నాయి. ఆ తర్వాత కొత్త కమిషన్, కొత్త హద్దులు. 225 అయితే మన 29 అదే నిష్పత్తిలో 37 దాకా వెళ్లవచ్చు, జనాభా తక్కువ పెరిగితే అంతకన్నా తగ్గవచ్చు. దాంతోపాటు 2023లో చేసిన 106వ సవరణ ప్రకారం మూడో వంతు సీట్లు ఆడవాళ్లవి. 225లో 75. అందులో ముస్లిం ఆడవాళ్లకి విడిగా ఏమీ లేదు. 1960లోనే మాసూమా బేగం ఈ రాష్ట్రంలో మంత్రి అయ్యారు. ఆ తర్వాత ఇన్నేళ్లకి మనం మా అన్న కూతురి ప్రశ్నకి నవ్వుతున్నాం.

గత చట్టం తీరు చూస్తే కమిషన్‌లో ఒక సుప్రీంకోర్టు జడ్జి, ఎన్నికల కమిషనరు, రాష్ట్ర ఎన్నికల కమిషనరు ఉంటారు. వాళ్లకి తోడు రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు కూర్చుంటారు. మాట్లాడవచ్చు, ఓటు లేదు. ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణ పెట్టాలి. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టులో అడగడం దాదాపు కుదరదని చట్టమే చెబుతుంది. అంటే మాట్లాడే మౌకా ముసాయిదాకీ తుది ఉత్తర్వుకీ మధ్య ఉన్న కొద్ది రోజులే. పోయినసారి ఆ రోజుల్లో మా జమాత్‌లో ఎవరికీ సంగతే తెలియదు. నేనూ ఉన్నాను ఆ తెలియనివాళ్లలో. అప్పుడు మేం మైకు సౌండు గురించి కమిటీలో కొట్టుకుంటున్నాం.

పైన గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. "ముస్లింలం కాబట్టి" అని రాసిన దర్ఖాస్తు కమిషన్ ముందు చెల్లదు. "మా పట్టణాన్ని రెండుగా కొయ్యకండి, మా బజారు, ఆసుపత్రి, బస్టాండు అన్నీ ఇటే ఉన్నాయి, ఈ మండలాన్ని అరవై కిలోమీటర్ల అవతలి ఊరికి తగిలించకండి" అని రాస్తే చెల్లుతుంది. ఆ దర్ఖాస్తు మీద పక్క బజారు హిందూ కోమటీ, చర్చి పాస్టరూ కూడా సంతకం పెడతారు, ఎందుకంటే ఆ తిప్పలు వాళ్లవీ. మన ఊళ్లు ముక్కలు కాకుండా నిలిస్తే మన ఓటూ ముక్కలు కాదు. దానికి మజ్‌హబ్ పేరు ఎత్తే పనే లేదు.

జనాభా లెక్కల వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఆడవాళ్లు తలుపు వెనక నుంచి సగం పేర్లు చెప్పి పంపెయ్యడం ఆపాలి. బెంగళూరులో మేస్త్రీ పనికి, గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల గురించి కుటుంబ పెద్ద ముందే కనుక్కుని ఉండాలి. ఈసారి కులం కూడా అడుగుతారు. నూర్‌బాషీలు షేక్ అని రాయించి తర్వాత సర్టిఫికెట్ కోసం తిరగడం మనం చూస్తూనే ఉన్నాం. సిగ్గుపడకుండా దూదేకుల అని రాయించండి. నా నానా పేరు మీద నేను రాయిస్తాను.

ఇక పార్టీలని అడగాల్సింది ఈద్గా దగ్గర ఫొటోలప్పుడు కాదు, నక్షా రాకముందు. వినుకొండకి ఎవరు, మార్కాపురానికి ఎవరు, నరసరావుపేటకి ఎవరు అని పేర్లతో అడగాలి. పేర్లు లేకపోతే మన దగ్గరే లోటు, అదీ ఒప్పుకోవాలి. పదేళ్లు వార్డులో, మండలంలో తిరిగినవాడు లేకుండా టికెట్ అడిగితే ఎవడిస్తాడు? మన జమాత్‌లలో సియాసత్ అంటే చెడ్డపని, వ్యాపారం చేసుకో బేటా అని పంపేస్తాం. తర్వాత నుమాయిందా లేడని ఏడుస్తాం.

మొన్న ఆదివారం ఇషా తర్వాత మామూ ఫోన్ చేశాడు. మిర్చి నాట్లు అయిపోయాయట, ఈసారి వాన సరిగ్గానే పడిందట. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, "పంచాయతీ ఎన్నికలు వచ్చే ఏడే గదా. ఆ పిల్లల నిబంధన నిజంగానే తీసేశారా, పేపరు వాళ్లు రాశారా?" అని అడిగాడు. నిజంగానే తీసేశారన్నాను. ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నామినేషన్‌కి ఏమేం కాగితాలు కావాలో మీ లాయరమ్మని అడిగి చెప్పు" అన్నాడు. ఫోన్ మా అన్న కూతురి చేతికిచ్చాను. గంటసేపు మాట్లాడుకున్నారు.